సరంగు చనిపోయాడని నేను రాసిన రోజులు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అన్న మనవరాలు అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే ఎండిపోతున్నా పట్టించుకోకుండా, ఎడమచేత్తో ఫోనులో ఎవరితోనో పోట్లాడుతూ ఉంటే ఏమిటే సంగతి అని అడిగాను. అదేదో పిల్లలు చదివే పుస్తకాల వరసట, ఆరు వచ్చాయట, ఏడోది రావాలట. అందులో అందరూ దేవుడిలా చూసే గురువే అసలు దొంగ అని ఇది కనిపెట్టి, ఆ మాట గ్రూపులో పెట్టిన పాపానికి పొద్దుటి నుంచి ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా చేరి దీన్ని తిట్టిపోస్తున్నారట. కళ్ళ నిండా నీళ్ళు, మూతి నిండా పంతం. ఇవన్నీ నీకు అర్థం కావులే అవ్వా అని అది విసుక్కుంటే నేను నవ్వేసి లేచిపోయాను గానీ, ఆ పూట నాకూ ముద్ద దిగలేదు.

నాకు అర్థం కాకపోవడమేమిటి! ఆ రోగం నాకు దానికంటే చాలా ముందే పట్టింది. నా ఈడు వాళ్ళకు అద్దె పుస్తకాల కొట్లు గుర్తుండే ఉంటాయి. అట్ట ఊడితే దారంతో కుట్టిన నవలలు, వెనక పేజీల్లో ఎవరెవరో పెన్సిలుతో రాసిన వెక్కిరింపులు, ఒక్కరోజులో తెచ్చిస్తానని వారం దాకా కనబడని కాలేజీ ఆడపిల్లలు. కోట బస్టాండు దగ్గర మా అన్న పెట్టిన కొట్టు అలాంటిదే. ఇంట్లో నోరు గలదాన్నని పేరు మోసిన నన్ను కొట్లో కూర్చోబెడితే ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుందని మా వదినే సలహా ఇచ్చిందని నా అనుమానం. టీవీ వచ్చి పుస్తకాలు తీసుకునే వాళ్ళు తగ్గిపోయాక, మా అన్న సగం అరలు పీకించి నాలుగు కంప్యూటర్లు పెట్టించి, నెట్ సెంటర్ అని బోర్డు రాయించాడు. హాల్ టికెట్లకూ పరీక్ష ఫలితాలకూ వచ్చే పిల్లల మధ్య, మిగిలిన సగం అరలను ఆనుకుని, నేను ఆ మాయదారి పెట్టెను నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలై తెర మీదికి వచ్చిన మొదటి రోజు నాకు కలిగిన సంబరం ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు.

అలా తిరుగుతూ తిరుగుతూ నేను చేరిన చోటు, మా కొట్లో అందరికంటే ఎక్కువ నలిగిన తొమ్మిది నవలల అభిమానుల గుంపు. ఆ నవలల్లో నాయకుడు పడవ నడిపే సరంగు. ఏ రేవులో ఏ ఘోరం జరిగినా గుట్టు విప్పేది అతనే, అందుకని మేమంతా వాటిని సరంగు పుస్తకాలనే వాళ్ళం. అయిదో పుస్తకం చివర తుఫానులో అతని పడవ తిరగబడుతుంది. ఆరో పుస్తకం మొదట్లో ఒక తెల్లవారుజామున అతను తడిసిన కాళ్ళతో ఇంటికి నడిచి వస్తాడు, భార్య తలుపు తీస్తుంది, కథ మళ్ళీ మామూలుగా నడుస్తుంది. ఆ ఆరో పుస్తకం కోసం ఎదురుచూసిన రోజులను తలుచుకుని గుంపులో ఒక్కొక్కరూ పేజీలకు పేజీలు రాసేవారు. హైదరాబాదు నుంచి ఒకాయన, బెంగుళూరు నుంచి ఒకావిడ, పెద్దమనుషుల్లా ఆ గుంపును నడిపేవారు.

నాకు మాత్రం ఏడో పుస్తకంలో ఒక చోట ముల్లు గుచ్చుకుంది. పడవలు ఒడ్డుకు వచ్చాక ఇసుకలో చేపలను కుప్పలు పోసి వాటాలు పంచే ఘట్టం అది. సరంగు భార్య బుట్ట పట్టుకుని వచ్చి విడిగా పోసిన ఒక కుప్ప దగ్గర నిలబడుతుంది, మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారు, సరంగు పడవ అంచు మీద కూర్చుని చూస్తూ ఉంటాడు. చదివిన వాళ్ళెవరూ అక్కడ ఆగరు. నేను ఆగాను, ఎందుకంటే మా మేనమామ చేపల లారీ నడిపేవాడు, చిన్నప్పుడు నన్ను ఒకసారి వాకాడు అవతలి ఊరి రేవుకు తీసుకుపోయాడు. అక్కడ ఒకామె అచ్చం అలాగే ఒంటరిగా కుప్ప దగ్గర నిలబడి ఉంటే ఎందుకని అడిగాను. వాళ్ళాయన వేటకు పోయి రాలేదు పాపా, శవం దొరికిందాకా ఆయన వాటా ఇంటికి పోవాల్సిందే, లేదంటే ఆమే నోరు తెరిచి వద్దనాల అని చెప్పాడు మామ. ఆ ఊరి కట్టుబాటు అది. మనిషి ఒడ్డున ఉంటే తన వాటా తనే ఎత్తుకుంటాడు, ఆడమనిషి వచ్చి నిలబడిందంటే ఆ మనిషి లేడనే.

ఇంకేం, దొరికింది నాకు. సరంగు అయిదో పుస్తకంలోనే చనిపోయాడు, ఆరు నుంచి తొమ్మిది దాకా తిరుగుతున్నది భార్య మనసులో ఉన్న మనిషి, రచయిత ఆ రహస్యాన్ని చేపల కుప్పలో దాచాడు అని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రాసి గుంపులో పెట్టాను. సాయంత్రానికి తిట్లు మొదలయ్యాయి. పైత్యం అన్నారు, పుట్టెడు చేపల కంపు కొడుతోందన్నారు, హైదరాబాదు పెద్దాయన అయితే చిన్ననాటి దేవుడిని చంపినందుకు నాకు పాపం తగులుతుందని రాశాడు. నేను వెనక్కి తగ్గే రకమా! ఒక్కొక్కరికి రెండేసి జవాబులు ఇచ్చాను. నిజం చెప్పాలంటే నా బతుకులో అంత హుషారుగా ఉన్న రోజులు తక్కువ.

ఆ గుంపులో నన్ను తిట్టకుండా ప్రశ్న అడిగింది ఒక్కరే. తీరం అని పేరు పెట్టుకున్నారు, ఆడో మగో తెలియదు. రెండు మూడు రోజులకొకసారి ఒకే ఒక్క వాక్యం వచ్చేది. ఆరో పుస్తకంలో సరంగు కూతురికి జడ వేస్తాడు కదా, చనిపోయిన మనిషి ఎలా వేస్తాడు అని మొదటిది. తల్లే వేసి, నాన్న వేశాడని పిల్లకు చెప్పి ఉంటుందని రాశాను. తెల్లారి గడప దగ్గర ఇసుక ఎలా వచ్చిందని ఇంకోసారి. ఆమే రేవు నుంచి కొంగులో తెచ్చి పోసుకుంటుంది అన్నాను. దండెం మీద చొక్కా తడిగా ఎందుకుంది అంటే, ఆమే తడిపి ఆరేసుకుంటుంది, ఆరితే మనిషి లేడని తేలిపోతుంది కదా అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. కొన్నాళ్ళకు చివరి ప్రశ్న వచ్చింది. అంటే ఆమెకు తెలుసా?

దానికి నేను రాసిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. తెలుసు, తెలిసీ ఒప్పుకోదు, కుప్ప వద్దని చెప్పే ధైర్యం లేక మనిషిని బతికించుకుంది, ఏదో ఒకరోజు బుట్ట ఇంట్లో వదిలేసి వట్టి చేతులతో రేవుకు వెళ్ళి నాకు వద్దు అంటే ఆ కథ ఆ రోజే అయిపోతుంది అని రాశాను. అంతవరకూ నన్ను తిట్టిన బెంగుళూరావిడ కూడా, ఒప్పుకోను గానీ బాగా రాశావని మెచ్చుకుంది. తీరం మళ్ళీ ఏమీ అడగలేదు.

రెండు వారాల తరువాత ఒక పొద్దున, మా కొట్లో గోడ పక్క మిషను దగ్గర తరచూ కూర్చునే ఇంటర్మీడియట్ పిల్ల, వాకాడు అవతల నుంచి బస్సులో వచ్చేది, తీసుకున్న సరంగు పుస్తకాలు తొమ్మిదీ సంచిలో పెట్టుకుని వచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇళ్ళల్లో చదువు రాని పెద్దవాళ్ళకు పిల్లలు చదివి వినిపించడం అప్పట్లో మామూలే, ఈ పిల్ల వాళ్ళమ్మకు వినిపిస్తుందని నాకు తెలుసు. అమ్మకు నచ్చలేదా అని అడిగాను.

"అమ్మ ఇంక వినదంటక్కా," అంది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, "నేనేక్కా తీరం," అంది.

నాలుగే కంప్యూటర్లు ఉన్న గదిలో, నాకు రెండు కుర్చీల అవతల కూర్చుని, నా తెర కనబడుతుండగానే ఆ పిల్ల నన్ను అవన్నీ అడిగింది. వాళ్ళ నాన్న వేటకు పోయి మూడేళ్ళయిందట. వాటా కుప్ప ఇంకా ఇంటికి వస్తోందట. ఎదురుగా ఉన్నదాన్ని నన్నే అడగొచ్చు కదా తల్లీ అన్నాను.

"మొహం చూసి అడిగితే ఎవరన్నా అబద్ధం చెప్తారు గదక్కా. దాంట్లో అయితే నిజం చెప్తావని. నువ్వు రాసిందంతా కాయితం మీద రాసుకపోయి అమ్మకి చదివినా. అన్నీ అమ్మే అడగమనింది. ఆమెకు తెలుసా అన్న కడాది మాత్రం నేను అడిగినా." బస్సు హారను వినబడితే వెనక్కి చూసి, "నిన్న అమ్మ బుట్ట ఇంట్లోనే పెట్టి పొయ్యింది. వద్దని చెప్పొచ్చేసింది," అని వెళ్ళిపోయింది. నన్ను నిందించిందో, నాకు దండం పెట్టిందో ఆ మొహంలో నాకు తెలియలేదు.

ఆ రోజు కొట్లో నాతో మాట్లాడబోయిన ప్రతి మనిషినీ కసిరాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆరో పుస్తకం తీసి జడ వేసే చోటు చూశాను, ఉంది. గడప దగ్గర ఇసుక కోసం వెతికాను. దండెం మీద చొక్కా కోసం వెతికాను. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఈ నాలుగు పుస్తకాలూ మొదటి నుంచీ చివరిదాకా తిరగేశాను, రెండు రోజులు పట్టింది. ఇసుక లేదు, చొక్కా లేదు. పుస్తకం నాకు కంఠతా వచ్చన్న పొగరుతో చూసుకోకుండా జవాబులిచ్చాను గానీ, ఆ గడప వాళ్ళ ఇంటిది, ఆ చొక్కా వాళ్ళ నాన్నది. పుస్తకాన్ని అరలో తలకిందులుగా పెట్టాను. అప్పటి నుంచి మా ఇంటి గడప ఊడ్చేటప్పుడు చేటలోకి ఇసుక వస్తే నా చీపురు ఆగిపోతుంది, ఈ వయసులోనూ.

ఇంతటితో అయిపోతే ఎలాగో సర్దుకునేదాన్నేమో. ఏడాది తిరిగాక, ఎక్కడున్నారో ఎవరికీ తెలియని ఆ రచయితను ఆయన మేనల్లుడెవరో గుంపులోకి తీసుకొచ్చాడు. అందరూ పండగ చేసుకున్నారు. నేను కుప్ప సంగతి అడిగాను. ఆయన పాపం ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. తాను సముద్రానికి దూరంగా ఏదో ఆఫీసులో గుమాస్తానని, మన తీరానికి స్నేహితులతో ఒక్కసారే వచ్చానని, అక్కడొక ఆడమనిషి బుట్టతో కుప్ప దగ్గర నిలబడి ఉంటే, చేపలు ఇంటికి మోసుకెళ్ళేది భార్యలే కాబోలని తోచి అలా రాసేశానని చెప్పారు. సరంగును నేనెందుకు చంపుతానమ్మా, వాడి వల్లే కదా నాకీ కాస్త పేరు అని కూడా రాశారు. గుంపంతా నన్ను చూసి పగలబడి నవ్వింది. ఒక పట్నపాయన తెలియక చేసిన పొరపాటు మీద నేను ఒక మనిషి చావును కట్టాను, ఆ మాట నమ్మి ఒకామె మొగుడి వాటాను వదులుకుంది.

ఇది ఆమెకు చెప్పి తీరాలనుకున్నాను. వాకాడు దాకా బస్సులోనూ, అక్కడి నుంచి ఆటోలోనూ వెళ్ళాను. పిల్ల నర్సింగు చదువుకు నెల్లూరు వెళ్ళిపోయిందన్నారు. తల్లి ఇంటి ముందు వల పరిచి చేపలు ఎండబెడుతోంది. నుదురు బోసిగా ఉంది, చేతులకు గాజుల్లేవు. పుస్తకాల కొట్లో ఉండేదాన్ని అని చెప్పుకుంటే, నెత్తిన ఎండ కొడుతుందని నన్ను చూరు కిందికి లాగి పీట వేసింది.

"నువ్వేనా తల్లీ. మా పాప నీ మాటలన్నీ చదివేది. అంతకు ముందు తెల్లారి పూట వచ్చిపోతుండె ఆయన. కుప్ప వద్దన్న దినం నుంచి రావడం మానేసినాడు."

ఆ మాట ఆమె చేపలు తిరగేస్తూ మామూలుగానే అంది. ఆమె చెయ్యి ఆపకుండానే అడిగింది, "ఆ పుస్తకాలాయన మళ్ళా ఏమన్నా రాసినాడా? ఆ సరంగు బతికే ఉండాడని ఏమన్నా?"

రాశాడని చెప్పాలి. చెబితే ఈమె వదులుకున్నదంతా ఊరికే వదులుకున్నట్టు. చెప్పకపోతే నా తప్పు నాకే మిగులుతుంది. లేదమ్మా, తొమ్మిదితోనే అయిపోయింది అన్నాను. అయితే మంచిదేలే అంది ఆమె, నా వైపు చూడకుండా. తాగడానికి నీళ్ళిచ్చింది, వద్దంటున్నా కాగితంలో ఎండుచేపలు పొట్లం కట్టిచ్చింది.

ఇప్పుడు ఆ రేవులో కుప్పలు పోసేవాళ్ళు లేరట, సరుకంతా ఐసు పెట్టెల్లో కాటా మీదికి పోతుందట, ఆ కట్టుబాటు ఈ కాలం పిల్లలకు చెప్పినా నమ్మరట. మా కొట్టు సెల్‌ఫోన్ల రిపేరు షాపయింది. సరంగు గుంపు మాత్రం వేరే చోటికి మారి వేల మంది అయింది, అందులో అందరూ నా మాటనే తమ మాటగా చెప్పుకుంటున్నారు. సరంగు అయిదో పుస్తకంలోనే పోయాడన్నది ఇప్పుడు వాళ్ళకు వేదం. రచయితే కాదన్నాడు కదా అంటే, రాసినాయనకు తన పుస్తకం తనకేం తెలుసు అని నవ్వుతారు. కిందటి ఏడు నేను పేరు చెప్పకుండా, అది తప్పు, సరంగు నిజంగానే తడిసిన కాళ్ళతో ఇంటికి వచ్చాడు అని ఎంతో ఓపిగ్గా రాసి పెట్టాను. పైత్యం అన్నారు. ఇన్ని వేల మందిలో ఆ మనిషి బతికి ఉన్నాడని నమ్మేదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.