అప్పలసూరి గోల్ఫు సెట్టు

కంచరపాలెంలో మా వీధి చివర, రైలు పట్టాల పక్క గోడకి ఆనుకుని అప్పలసూరి కొలిమి ఉండేది. పొద్దున్నే అతని సుత్తి మోతకి లేవడం వీధి మొత్తానికి అలవాటు. అద్దెకి దిగిన కొత్తలో నేను వెళ్ళి తగువు కూడా పెట్టుకున్నాను. "ఇంకాస్త తెల్లారేదాకా ఆగలేవా?" అంటే, "ఇనుము కాగినాక ఆగమంటే ఆగుతాదేటి బాబూ?" అన్నాడు. ఆ తగువులోంచే మా స్నేహం మొదలైంది. మనిషి పొట్టి, గట్టి. కోపం ముక్కు మీదే ఉంటుంది. పొగడ్త అంటే చెవి కోసుకుంటాడు. కానీ ఆ పొగడ్త అతని పని చూసి రావాలి, అతని మొహం చూసి రాకూడదు. ఈ తేడా తెలియక ఒక మంచిమనిషి అతనితో పెద్ద చిక్కులో పడ్డాడు.

అప్పలసూరిది సబ్బవరం దగ్గర పల్లె. తండ్రి కొడవళ్ళూ నాగటి కర్రులూ చేసేవాడు. డెబ్బైల మొదట్లో అప్పలసూరి పోర్టు పనులకని ఊళ్ళోకి వచ్చి, ఒక కాంట్రాక్టరు కింద గునపాలూ కొక్కేలూ కొట్టాడు. అక్కడ ఉన్నది ఒకటే నియమం. బండెడు గునపాలు కొడితే బండెడూ ఒక్కలాగే ఉండాలి. తనిఖీకి వచ్చే ఆయన చేతిలో ఒక ఇనప అచ్చు ఉండేది. అందులో పట్టని గునపాన్ని పక్కకి గిరాటేసేవాడు. "నా గునపం ఒక్కటీ గిరాటెయ్యలేదు" అని అప్పలసూరి ఇప్పటికీ చెప్పుకుంటాడు. తర్వాత వెల్డింగు మిషన్లు వచ్చాయి, ఆ పని పోయింది. అప్పుడు పెట్టుకున్నదే ఈ కొలిమి. అతను సుత్తి పడితే భార్య దేముడమ్మ తిత్తి లాగేది, అవసరమైతే సమ్మెట కూడా వేసేది. నోటి విషయంలో మాత్రం ఎవరూ ఎవరికీ తీసిపోరు.

తండ్రి దగ్గర్నించి అతనికి వచ్చిన ఆస్తి ఒక ముద్ర. వేలెడంత ఉక్కు మేకు, దాని మొన మీద నెలవంక, నెలవంక కింద చుక్క. వస్తువు తయారవగానే ముద్ర కొట్టడం వాళ్ళ ఇంట్లో లేదు. వాడేవాళ్ళు ఎదురుగా వాడి చూడాలి, నోరు తెరిచి "బాగుంది" అనాలి, అప్పుడే ముద్ర. జాలరిపేట గంగాలమ్మ చేపల కత్తిని అలాగే మూడుసార్లు తిప్పికొట్టింది. కొలిమి ముందే గంప దించి, వంజరం చేప ఒకటి తీసి కోసి చూసి, "ముల్లు కాడ జారతన్నాదిరా, ఇదీ ఒక కత్తేటి?" అని విసిరేసేది. దేముడమ్మ గొణుక్కునేది. అప్పలసూరి మాత్రం కిక్కురుమనకుండా మళ్ళీ కాల్చేవాడు. చివరికి ఆవిడ "ఊఁ, బాగున్నాది" అన్నరోజు వీధిలో ఎవరు కనబడితే వాళ్ళకి ఆ మాట చెప్పాడు. పండగ చేసుకున్నాడంటే నమ్మాలి.

ఎనభైల్లోకి వచ్చేసరికి కంపెనీ కత్తులు వచ్చి పడ్డాయి, గంగాలమ్మలు తగ్గిపోయారు. ఊరవతల స్టీలు ప్లాంటు కడుతున్నారు. "ఊరంతా ఉక్కు ఊరవుతుంటే నీ కొలిమి చల్లారడమేమిటోయ్" అని నేను వేళాకోళమాడితే అతను నవ్వలేదు. దేముడమ్మ అన్న నీలకంఠం ఆ ప్లాంటు యార్డులో మేస్త్రీ. వచ్చినప్పుడల్లా ఒకటే పాట పాడేవాడు.

"వాచ్‌మన్ పనున్నాది బావా. కాకీ బట్టలిత్తారు. కుర్చీలో కూకోడమే. ఈ బొగ్గు మసి ఇంకెన్నాళ్ళు?"

"సూద్దారి" అనేవాడు అప్పలసూరి. అలా అన్నాక ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదని దేముడమ్మ చెప్పేది.

సరిగ్గా అప్పుడు మా ఆఫీసు ఇంజనీరు భీమశంకరరావుగారికి గోల్ఫు కర్రలు కావలసి వచ్చాయి. నేను ఆయన దగ్గర టైపిస్టుని. ఆయనది కృష్ణా జిల్లా, చాలా నిజాయితీపరుడు. విదేశీ సామాను మామూలుగా దొరకని రోజులవి. ఓడల్లో వచ్చేవాళ్ళు దొంగచాటుగా అమ్ముతామంటే ఆయన ఒప్పుకోలేదు. ఉన్న సెట్టేమో ఎవరో దొర వదిలేసి పోయినది, ఉప్పుగాలికి తుప్పు పట్టి చిల్లులు పడుతోంది. నేను అప్పలసూరి పేరు చెప్పాను.

ఆ ఆట మీద నాకేమీ గౌరవం లేదు. నిమ్మకాయంత బంతిని కొట్టడం, దాని వెనకాలే నడిచి వెళ్ళడం, మళ్ళీ కొట్టడం. ఎండలో మైదానం చుట్టడానికి అదొక సాకు. కానీ కొలిమికి పని దొరుకుతుందంటే నాకు ఏ ఆటైనా ఒకటే. ఇంజనీరుగారు అప్పలసూరిని పిలిపించి, మూడో నంబరు నించి తొమ్మిదో నంబరు దాకా ఏడు ఇనప కర్రలు చూపించి, "అచ్చం ఇలాగే చెయ్యాలి. ఇవి కుదిరితే క్లబ్బులో డాక్టరుగారూ ప్లీడరుగారూ చేయించుకుంటారు" అన్నారు.

ఆ సాయంత్రమే అప్పలసూరి బావమరిదికి కబురు పెట్టాడు. ఈ సెట్టు కుదిరితే కొలిమి ఉంటుంది, కుదరకపోతే ఆర్పేసి వాచ్‌మన్ పనికి వస్తాను అని.

లారీ యాక్సిల్ ముక్కలు కాల్చి, కర్రల చివర బంతికి తగిలే తలలు ఏడు కొట్టాడు. ఎంత నున్నగా వచ్చాయంటే దేముడమ్మ ఒకదాంట్లో మొహం చూసుకుని బొట్టు సర్దుకుంది. క్లబ్బులో పడి ఉన్న విరిగిన కర్రల కాడలు ఇంజనీరుగారు పంపితే, వాటికి తలలు బిగించాడు. పాత సెట్టులో తలలు తలో వాలుగా ఉండడం అతను చూశాడు. ఒకటి నిటారుగా, ఒకటి వెనక్కి వాలి, ఇంకొకటి మరీ వాలి. "ఏళ్ళ తరబడి రాళ్ళకేసి కొట్టి వంచీసినారు పాపం" అని జాలిపడ్డాడు. నంబర్లు లెక్క కోసం వేసినవనుకున్నాడు, గునపాలకి వేసేవారు కదా. ఒక రేకు అచ్చు కత్తిరించి, ఏడింటినీ ఒకే వాలుకి తెచ్చాడు. ఆడేది ఒక్క మనిషే కాబట్టి కాడలన్నీ ఒకే పొడవుకి కోశాడు. సెట్టంటే ఒక్కలాగే ఉండాలి మరి.

ఆదివారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ముద్రా చిన్న సుత్తీ పెట్టుకుని, నన్ను వెంటేసుకుని గోల్ఫు మైదానానికి వచ్చాడు. ఇంజనీరుగారి సంచీ మోసే సూరన్న ఏడు బంతులు వరసగా పెట్టాడు. ఇంజనీరుగారు ఒక్కో కర్రతో ఒక్కో బంతి కొట్టారు. ఏడూ వెళ్ళి ఒక్కచోటే పడ్డాయి. దుప్పటి పరిస్తే దుప్పటి మీదే ఉండేటంత దగ్గరగా.

"సూసినారా బాబూ! ఏడుకి ఏడూ ఒక్క సోటే!" అప్పలసూరి నా భుజం పట్టుకుని ఊపేశాడు. నేనూ చప్పట్లు కొట్టాను, నాకేం తెలుసు?

సూరన్న ఏదో అనబోయాడు. ఇంజనీరుగారు అతని వంక ఒక్క చూపు చూశారు. తర్వాత అప్పలసూరి మొహంలోకి చూశారు. "బాగుందయ్యా, చాలా బాగుంది" అన్నారు.

అప్పలసూరి అక్కడే గడ్డిలో చతికిలబడి, ఇనప ముక్క ఆనించి, ఏడింటి మీదా నెలవంక కొట్టాడు.

ఇక డాక్టరుగారి కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి. కొలిమి ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, ఒక బెంచీ కూడా వేసింది దేముడమ్మ. కారు చప్పుడైతే ఇద్దరూ బయటికొచ్చేవారు. డాక్టరూ రాలేదు, ప్లీడరూ రాలేదు. "బాగుందన్నారు గదా, మరెవులూ రారేటి బాబూ?" అని అతను నన్ను అడిగేవాడు. ఆఫీసులో ఇంజనీరుగారిని కదిపితే, "చూద్దాం, చెబుతాను" అని మాట మార్చేవారు.

చివరికి నీలకంఠం వచ్చి కాకీ బట్టలు బెంచీ మీద పెట్టి వెళ్ళాడు. అప్పలసూరి వేసుకున్నాడు. కొలిమి బూడిదలో వీధికుక్క పడుకోవడం మొదలుపెట్టింది. సుత్తి మోత లేక నాకు మెలకువ రాక, ఆఫీసుకి ఆలస్యంగా పోయి చీవాట్లు తిన్నాను. నిజం చెప్పాలంటే చీవాట్ల కన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. డ్యూటీకి పోతూ ఎదురైతే అతను తల దించుకుని పోయేవాడు. అంత నోరున్న మనిషి!

ఒక ఆదివారం తనే వచ్చి, "పదండి బాబూ, ఆ కర్రలెలాగున్నాయో ఒక్కసారి సూసొద్దారి" అన్నాడు. వెళ్ళాం. సూరన్న భుజాన సంచీ ఉంది. సంచీలో ఉన్నవి ఆ తుప్పు పట్టిన పాత కర్రలు.

"మనవేవి?" అన్నాడు అప్పలసూరి.

"ఆటి సంగతి నన్నడక్కు" అని సూరన్న పక్కకి తిరిగాడు.

ఇంజనీరుగారు తప్పించుకోలేదు. చెమట తుడుచుకుని, అన్నీ విడమరచి చెప్పారు. నిటారు తల బంతిని కిందుగా, దూరంగా పంపుతుంది. వాలిన తల పైకి లేపి దగ్గర్లో దింపుతుంది. ఏడు దూరాలకి ఏడు కర్రలు, అందుకే ఆ నంబర్లు. "పొడవుదేముంది, అలవాటవుతుంది. వాలే ప్రాణం. ఆ రోజు నువ్వు అంత సంతోషంగా ఉంటే కాదనలేకపోయానయ్యా. నీ మొహం చూసి నోరు రాలేదు" అన్నారు.

"నా మొకం ఎందుకు సూడాల బాబూ? బంతిని సూడాల గానీ" అన్నాడు అప్పలసూరి. "సుట్టాలింటికెళ్ళి కూర బాగున్నాదన్నట్టు అనీసినారు. నాను కూర వండలేదు బాబూ, పనిముట్టు సేసినాను. బాగోలేదంటే ఆ పొద్దే నిప్పులో ఎట్టీవోణ్ణి. మీరు జాలిపడ్డారు, నా కొలిమి ఆరిపోనాది."

ఇంజనీరుగారు మనిషిని బంగళాకి పంపి ఆ ఏడు కర్రలూ తెప్పించారు. అప్పలసూరి సూరన్న దగ్గర ఆకురాయి అడిగి తీసుకుని, అక్కడే నిలబడి ఏడింటి మీదా తన నెలవంకల్ని అరగదీసేశాడు. తండ్రి ముద్రని తన చేత్తో చెరుపుతుంటే చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను. అరగదీయడం అయ్యాక, "ఆ పాతవి కూడా ఇయ్యండి బాబూ, అచ్చులు తీసుకోవాల" అన్నాడు. ఇచ్చారు.

ఆ వారమంతా డ్యూటీ నించి రావడం, కుక్కని అదిలించడం, కొలిమి ముట్టించడం. ఈసారి ఏడు కర్రలకి ఏడు రేకు అచ్చులు కత్తిరించాడు. ఒకే అచ్చుతో బతికిన మనిషికి అదెంత కష్టమో మొహంలో తెలిసేది.

"ఏడుగురు మేనత్తలున్నారు నీకు, ఒక్కలాగున్నారేటి?" అని తిత్తి లాగుతూ దేముడమ్మ దెప్పేది.

"ఆళ్ళు కర్రలు కారే!" అని కసిరేవాడు. కానీ కసిరే ఓపిక తిరిగొచ్చినందుకు ఆవిడ సంతోషించడం నేను చూశాను.

మళ్ళీ మైదానం, మళ్ళీ ఏడు బంతులు. ఈసారి అప్పలసూరి ఇంజనీరుగారి వంక చూడలేదు, బంతుల వంకే చూశాడు. మొదటిది కిందుగా దూసుకుపోయి ఎక్కడో దూరాన పడింది. తర్వాతది దానికి ఇవతల. ఒక్కోటీ ముందుదాని కన్నా కాస్త పైకి లేచి, కాస్త ఇవతలగా దిగుతోంది. నాబోటి వాడికి కూడా అర్థమయ్యేటంత చక్కగా ఉంది. ఆఖరిది దాదాపు ఆకాశంలోకే లేచి మా ఎదర దిగింది.

ఇంజనీరుగారి మొహం విప్పారింది. నోరు తెరిచి, మళ్ళీ మూశారు. "సూరన్నా, ఐదో నంబరుదీ ఆరో నంబరుదీ ఎక్కడ పడ్డాయి చూడు" అన్నారు.

"పక్కపక్కనే బాబూ!" అని దూరం నించి కేకేశాడు సూరన్న.

ఆ రెండిటితో మళ్ళీ కొట్టారు. మళ్ళీ పక్కపక్కనే పడ్డాయి. ఇంజనీరుగారు ఐదో నంబరు కర్రని అప్పలసూరి చేతిలో పెట్టారు.

"ఆరు బాగున్నాయి. ఇది బాగోలేదయ్యా. వాలు ఎక్కువైంది."

ఇంత చేశాక ఆ ఒక్కటీ చూసీ చూడనట్టు పోనివ్వచ్చు కదా అనుకున్నాను. అప్పలసూరి కర్రని కంటికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. అచ్చు తీసి ఆనించి చూశాడు. అప్పుడు నవ్వాడు. ఇన్ని నెలల్లో నేను చూసిన మొదటి నవ్వు అది.

"నిజివే బాబూ. ఎక్కువైపోనాది."

గడ్డిలో కూర్చుని ఆరింటి మీద నెలవంక కొట్టాడు. ఐదో నంబరుని పక్కన పెట్టుకున్నాడు.

"డాక్టరుగారికి ఇవాళే చెబుతాను" అన్నారు ఇంజనీరుగారు.

"ఆగండి బాబూ, ముందు ఇది కానియ్యండి" అని కర్రని సైకిలుకి కట్టుకుని బయల్దేరాడు. వెనక క్యారియర్ మీద నేను. ఎదురుగాలికి కూడా అతను ఎక్కడా దిగలేదు.

వీధి మలుపులో దేముడమ్మ కొలిమి ముందు నిలబడి ఉంది. పక్కనే తీగ మీద ఉతికి ఆరేసిన కాకీ బట్టలు ఊగుతున్నాయి.

"డూటీకి టైమైపోతన్నాది. అన్నియ్య రెండుసార్లు కబురెట్టినాడు. ఏటన్నారక్కడ?" అంది.

అప్పలసూరి సైకిలు గోడకి జేరేశాడు. తీగ మీది కాకీ చొక్కా లాగి, అరచేతికి చుట్టుకుని, పట్టకారు అందుకున్నాడు.

"నిప్పు రాజెయ్యే!" అని వీధంతా వినబడేటట్టు అరిచాడు. "ఒకటి బాగోనేదంట!"