మగ్గం గది గోడలో రావిచెట్టు

ఆత్మకూరు ఎందుకు వెళ్లావని అడిగితే గోడ చూడటానికని చెబుతాను. అరవైలలో ఒక ఏడు, వానలు ఇంకా మొదలు కాలేదు. అక్కడి నేతగాళ్ల ఇంటికి కోడలిగా వెళ్లిన మా అక్క కబురు పంపింది. మగ్గం గది గోడ లోపలికి వంగిందట, దాని కింద కూర్చుని నూలు కండెలు చుట్టాలంటే గుండెలు దడదడలాడుతున్నాయట.

మహబూబ్‌నగర్‌లో పొద్దున్నే రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగాను. అక్కడి నుంచి టాంగా, కిరాయి రూపాయిన్నర. ఎవరింటికని టాంగా అతను అడిగితే బావ పేరు చెప్పాను. "రావిచెట్టు ఇల్లా? గా చెట్టుకు మేమందరం దండం పెడ్తం," అన్నాడు సంబరంగా. నాకు అక్కడే ఒళ్లు మండింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. రాయి, మట్టి కలిపి కట్టిన గోడ. పైకప్పుకు జానెడు కింద రావి మొలిచి, మణికట్టంత లావైంది. దాని వేరు గోడను చీల్చుకుని గది లోపలికి వచ్చింది. సరిగ్గా ఆ పగులు కిందే అక్క రాట్నం. బయట చెట్టుకు పసుపు, కుంకుమ, దారం. పైగా బావ ప్రతి శనివారం నిచ్చెనెక్కి చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఇల్లు కూల్చే చెట్టుకు ఇంటాయనే నీళ్లు!

కొట్టేయమంటే చెవులు మూసుకున్నాడు. రావి మీద తాను చెయ్యి వేయడట, తాపీ పని చేసే ఖాసిం తాతను పిలవాలట, ఆయనకైతే పాపం అంటదట. ఏటా లేత మొక్కగా ఉన్నప్పుడే పీకిన ఆ తాత రెండేళ్లుగా పిలిచినా రావడం లేదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

నేను మసీదు వెనక సందులో ఉన్న ఆయన ఇంటికి వెళ్లి అడిగాను.

"నాకు పాపం అంటదని మీకెవలు చెప్పిన్రు? మీ ఇంటోళ్లు ముందు చెయ్యేస్తే నేనొస్త," అన్నాడు.

నేను వేస్తానన్నాను.

"నువ్వు రేపు బండెక్కి పోతవు. గా కప్పు కింద ఉండేటోళ్లు వెయ్యాలె."

ఆయన కోపం న్యాయమైనది. గొడ్డలి, ఉలి, సుత్తి పట్టుకుని నా వెంట వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ముందు నువ్వే చెయ్యి వెయ్యాలట అంటే బావ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అక్క రాట్నం దగ్గర నుంచి లేచి, కొంగు దోపుకుని నిచ్చెనెక్కింది.

"చెట్టుకు దెబ్బ తగుల్తదని చూస్తివి. కింద నేను కూసున్న. నన్ను జూసినవా?" అని, కాండం రెండు చేతులా పట్టి గుంజింది.

తాత చెట్టు నరికి, వేరు తొలిచి తీశాడు. పగులు పూడ్చడానికి సున్నం కలుపుతుంటే బావ తన పూజచెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు.

ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. పుణ్యం మనం మూటగట్టుకుని, పాపం పక్కవాడి చేతిలో పెట్టడం ఏం భక్తి? ఆ వైపు వెళ్తే పాత ఇళ్ల గోడలు తలెత్తి చూడండి, పచ్చదనం ఎంత బాగుందోనని మురిసిపోకండి. ఇంటికొచ్చి మీ గోడ కూడా చూసుకోండి. రావి మొలిస్తే రెండాకుల మీద ఉన్నప్పుడే పీకండి. మీ చేత్తోనే పీకండి.