ఇసుకదిబ్బ మీద విప్పిన మూట

మాజులి దీవిలో మినతి దొలే నేసిన శాలువాలు ఇరవై ఏళ్లుగా అవతలి ఒడ్డున షావుకారు పేరుతోనే అమ్ముడుపోయేవి.

ఆ మాఘంలో మినతి శాలువాల మూటతో అవతలి ఒడ్డుకు పడవెక్కింది. పడవ నడిపే బాపుకణ్, లోతైన దారి చూపడానికి అంతకుముందు వారం పాతిన వెదురు గుర్తులనే నమ్ముకున్నాడు. ఈలోగా బ్రహ్మపుత్ర దారి మార్చుకుంది. పడవ ఇసుకలో కూరుకుపోయింది.

"కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావురా?" అని వాణ్ణి దులిపేసి, చలికి వణుకుతున్న పడవలోని జనానికి మినతి తన మూట విప్పి తలా ఒక శాలువా కప్పింది.

సాయంత్రం మరో పడవ వచ్చింది. ఒక ముసలావిడ శాలువా తిరిగివ్వకుండా అంచు తడుముతూ, "ఎవరు నేశారే ఇది?" అంది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. "నేనే అవ్వా," అంది మినతి తలెత్తి.

ఆ పడవ జనం నోట ఆమె పేరు అవతలి ఒడ్డంతా పాకింది. ఇప్పుడు ఏరు దాటేది షావుకారే. శాలువాల కోసం మినతి వాకిట్లో, అందరితోపాటు వరుసలో నిలబడతాడు.