నీళ్లు వేడెక్కితే నంబరు దిగాలి

బుజ్జిగా, ఆ రోజు మూత పెట్టిన నీ కంచం తీయడానికి నాకు చేతులు రాలేదురా. మీ మేనత్తే తీసింది.

ఇది చదివేవాళ్లకు చెప్తున్నాను. నా కొడుకు చనిపోయాడు. పన్నెండు రోజులైంది. వాడికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. జ్వరం లేదు, నొప్పి అని ఒక్క మాట అనలేదు. పొద్దున పొయ్యి మీద నీళ్లు పెట్టి, మీటరు తన బండి డిక్కీలో ఉందని వాకిట్లోకి పోయాడు. అంతే, మళ్లీ లోపలికి రాలేదు. నేను చదివింది మూడో తరగతి దాకానే. రాయడం సరిగ్గా రాదు. అయినా రాయకపోతే లోపల ఉడికిపోతోంది.

వాడు కార్ల మెకానిక్కు. ఇల్లందులో చిన్న షెడ్డు. కారు ఇంజన్ ఎంత వేడెక్కిందో చెప్పే సెన్సర్ ఒకటుంటుందట, బొటనవేలంత ఇత్తడి ముక్క. అది చెప్తేనే ఇంజన్‌ను చల్లార్చే ఫ్యాను తిరుగుతుందట. అది పాడైందని అనుమానం వస్తే ఇంటికి తెచ్చేవాడు. షెడ్డులో పొయ్యి లేదు మరి. గిన్నెలో నీళ్లు పోసి, పైన గరిటె అడ్డం పెట్టి, కొన మాత్రమే మునిగేటట్టు సెన్సర్‌ను దారంతో గరిటెకు కట్టేవాడు. వేడిని బట్టి మారే నంబరు చూపే మీటరు ఒకటుండేది, దాని తీగలు తగిలించి, పొయ్యి వెలిగించి నన్ను పిలిచేవాడు.

“సదువమ్మా, ఎంతుంది?”

“రెండువేల నాలుగొందలు.”

“ఇప్పుడు?”

“పదిహేనొందలు... తొమ్మిదొందలు... అరె, ఉరుకుతాందిరా!”

“నీళ్లు ఏడెక్కుతాంటే నంబర్ దిగాలె. దిగకుంటే అబద్ధమాడుతున్నట్టు.”

మీటరును కూడా ఊరికే నమ్మేవాడు కాదు. వాడి డబ్బాలో మంచి సెన్సర్ ఒకటి ఎప్పుడూ ఉండేది. దానికి పెట్టి చూసేవాడు. నంబరు కదిలితే మీటరు మంచిదే. “మంచిదాన్ని అడగకుండ దేన్నీ ఖరాబైందనొద్దమ్మా” అనేవాడు.

ఒకసారి వాడు సెన్సర్ తీసుకుని, నీళ్లు పొయ్యి మీదే వదిలేసి బయటికి పోయాడు. చాయ్ కోసమే పెట్టాడనుకుని నేను ఆకు, చక్కెర వేశాను. మా ఆయన బొగ్గు బాయి డ్యూటీ నుంచి వచ్చి సగం తాగేశాడు. అప్పుడొచ్చాడు వీడు.

“అయ్యో అమ్మా! ఆ నీళ్లల్ల సెన్సర్ ఉడకబెట్టిన!”

మా ఆయన గ్లాసులోకి చూసి, “ఏంది ఈ వాసన అనుకుంటనే ఉన్న. ఎవని కారురా నేను తాగింది?” అన్నాడు.

“మంచిదే నాయనా. ఇగ నువ్వు ఎండల తిరిగితే నీ లోపల ఫ్యాన్ దానంతటదే తిరుగుతది.”

ముగ్గురం నవ్వీ నవ్వీ కూలబడ్డాం. తెల్లవారి వాడికి ఒక సొట్ట గిన్నె విడిగా ఇచ్చేశాను.

ఆ చివరి రోజు తెచ్చిన సెన్సర్ ములకలపల్లి డ్రైవర్ కారుది. అడవి పక్క ఊళ్ల నుంచి గర్భిణులను, ముసలివాళ్లను భద్రాచలం దవాఖానకు తీసుకుపోయే కారు. ఇంజన్ వేడెక్కినా ఫ్యాను తిరగక, ముందు రోజు నిండు గర్భిణితో అడవి దారిలో ఆగిపోయిందట. ఆమెను వేరే బండి ఎక్కించి, కారును ఎట్లాగో మా ఇంటి దాకా చేర్చి, డ్రైవర్ వాకిట్లో కూర్చున్నాడు.

“రొట్టె సల్లారుతాంది, తిని చూస్కోరా” అన్నాను.

“ఒక్క నిమిషమమ్మా. ఇది జూసి తింట. ఆ బండి కోసం మనుషులు ఎదురుచూస్తాండ్రు.”

రోజూ అదే మాట. రోజూ నేను కంచం మీద మూత పెట్టడం. ఆ రోజూ పెట్టాను. వాకిట్లో కూలిపోతున్న వాడిని పట్టుకున్నది ఆ డ్రైవరే. పక్కింటి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడ సిస్టర్ వాడి వేలికి ఊపిరి ఎంతుందో చూపే క్లిప్పు పెట్టింది. నంబరు రాలేదు. రెండు గీతలు, అంతే. డాక్టరు ఛాతీ మీద చాలాసేపు నొక్కి నొక్కి, చెమటతో పక్కకు జరిగి, “లేడమ్మా” అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

“మీ మిషన్ ఖరాబైంది సారూ. మంచి మనిషికి పెట్టి చూడుండ్రి. చూడకుండ ఎట్ల చెప్తరు?”

సిస్టర్ ఆ క్లిప్పు వాడి వేలి నుంచి తీసి నా వేలికి పెట్టింది. తొంభై ఎనిమిది. అయినా నేను నమ్మలేదు. ఇంటికి తెచ్చాక కూడా నమ్మలేదు. అన్నీ అయిపోయాక కూడా, వాకిట్లో చప్పుడైతే మీటరు తెస్తున్నాడనే అనుకున్నాను.

నిన్న ఆ డ్రైవర్ వచ్చాడు. ఆ రోజు నుంచీ కారు మా ఇంటి ముందే ఉంది. తల ఎత్తకుండా, “పెద్దమ్మా, బండి తోలుకపోత. కొత్త సెన్సర్ ఏసుకుంట” అన్నాడు.

“నా కొడుకు చూడకుండ మారుస్తవా? తప్పు దానిదే అని ఎవలు చెప్పిండ్రు? వట్టిగ మార్చి, మళ్ల అడవిల ఆగితే ఎవల పానం మీదికొస్తది?”

సొట్ట గిన్నె కడిగి, నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. సెన్సర్ ఇంకా గరిటెకే కట్టి ఉంది, వాడు వేసిన ముడితోనే. డ్రైవర్ డిక్కీలోంచి మీటరు తెచ్చి తీగలు పట్టుకున్నాడు.

“సదువు పెద్దమ్మా.”

“రెండువేల నాలుగొందలు.”

ఆవిరి లేచింది. రెండువేల నాలుగొందలు. నీళ్లు మరిగాయి. రెండువేల నాలుగొందలు. తీగలు కదిపించాను. అదే. అప్పుడు వాడి డబ్బా తెరిచి మంచి సెన్సర్ తీసి, అవే నీళ్లలో పెట్టించాను. నంబరు జారి జారి మూడొందల దగ్గర ఆగింది. మళ్లీ మొదటిది పెట్టించాను. కదలలేదు.

“మీటర్ మంచిదే బిడ్డా” అన్నాను. “ఇది పోయింది.”

ఇన్ని రోజులుగా నా నోట రాని మాట అది. అన్నాక గోడకు ఆనుకుని గట్టిగా ఏడ్చాను. ఆ అబ్బాయే పొయ్యి ఆర్పాడు.

సాయంత్రానికి కొత్తది వేశాడు. ఇంజన్ వేడెక్కింది, ఫ్యాను తిరిగింది. గాలి నా ముఖానికి తగిలింది. ఇంతలో అతనికి ఫోను వచ్చింది, ఎవరినో మర్నాడు పొద్దున దవాఖానకు తీసుకుపోవాలట. “పోతున్న పెద్దమ్మా” అని తాళం తీసుకున్నాడు. నేను కంచం పెట్టాను. “ఒక్క నిమిషం...” అనబోయి, నా ముఖం చూసి కూర్చున్నాడు. చివరి ముద్ద దాకా ఎదురుగా కూర్చుని చూశాను.

మీకు కూడా ఎవరో కంచం పెట్టే ఉంటారు. పని ఒక్క నిమిషం ఆగుతుంది. చల్లారకముందే కడుపు నిండా తినండి.