తర్జుమా మావయ్య మోసిన నింద

పూజ్యులైన సంస్మరణ సభాధ్యక్షుల వారికీ, సభకు విచ్చేసిన పెద్దలకూ ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

ఈ లేఖకు తేదీ గాని, ఊరు గాని వేయలేదు. ఆ రెండూ లేకుండా లేఖ వ్రాసుకొచ్చిన పిల్లల కాగితాలు విసిరికొట్టినవాణ్ణి నేను. ఇందులో ఒక ఆడపిల్ల బతుకు ఉంది. ఆమె ఊరు కాగితం మీద ఉండరాదని మానుకున్నాను.

మన తర్జుమా మావయ్య కన్నుమూశారన్న కబురు నాకు టీకొట్టు దగ్గర తెలిసింది. చెప్పినవాడు విచారించలేదు. "ఆ నర్సు పిల్ల ఉసురు ఊరికే పోతుందేంటండీ? అందుకే మంచాన పడి తీసుకుని తీసుకుని పోయాడు" అన్నాడు. బెంచీ మీది వాళ్ళు తలలూపారు. నేను గ్లాసు అక్కడ పెట్టి ఇంటికి వచ్చేశాను. కాదని ఒక్క మాట అనలేదు. అనవలసిన ఆ మాట ఇప్పుడు వ్రాస్తున్నాను.

బందరు కోర్టు ఎదుటి వరండాలో ఆయన బల్ల మీకు తెలియనిది కాదు. విదేశాలకు వెళ్ళేవారి తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి, స్వయంగా టైపు కొట్టి, మూలంలో ఉన్నది ఉన్నట్టు వ్రాశానని సంతకం చేసేవారు. దాని మీద నోటరీ ముద్ర, ఆ పైన హైదరాబాదు ముద్ర, ఢిల్లీ ముద్ర, చిట్టచివర ఆ దేశపు ఎంబసీ ముద్ర పడేవి. "పైవాడు కింది ముద్రను చూస్తాడు మాస్టారూ. కాగితాన్ని చదివేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే" అనేవారు.

మూలంలో అక్షరం చెరిగిపోతే భూతద్దం పెట్టి అరగంట చూసేవారు. అప్పటికీ తెలియకపోతే ఆ చోట 'చదవ వీలుకాలేదు' అని వేసేవారు. నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"అంతమాత్రం ఊహించలేరా? మా పదో తరగతి పిల్లలు పూరిస్తారండీ ఆ ఖాళీని."

"మీ దగ్గర పూరిస్తే మార్కులు వేస్తారు. నా దగ్గర పూరిస్తే సంకెళ్ళు వేస్తారు" అని నవ్వేవారు.

ఇక ఆ అమ్మాయి సంగతి. దివిసీమలో ఒక కూలి కుటుంబం, క్రైస్తవులు. నర్సు చదువు చదివి, గుడివాడలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, కువైటులో నర్సు ఉద్యోగం సంపాదించింది. పుట్టిన తేదీకి రుజువు కావాలన్నారు. పంచాయతీ పుస్తకాలు ఉప్పెనలో కొట్టుకుపోయాయి. పాస్టరుగారు దూలానికి కట్టి ఉంచిన బాప్తిస్మపు పుస్తకం మాత్రం మిగిలింది. అందులోని పుట్టిన తేదీకీ, మా బడి రికార్డులోని తేదీకీ పది నెలల తేడా వచ్చింది. కాగితాలు తిరిగి వచ్చాయి.

ఆ పది నెలలూ నేను కల్పించినవి. ఉప్పెన తరువాతి ఏడు బడిలో పిల్లలకు ఉప్మా పెట్టేవాళ్ళం. ఐదేళ్ళు నిండితేనే పేరు వ్రాయాలి, పేరుంటేనే ఉప్మా. ఆమె తండ్రి నాలుగేళ్ళ పిల్లను భుజాన వేసుకొని వచ్చి, "ఎంతేస్తే అంతెయ్యండి బాబూ, దానికి ఆకలి" అన్నాడు. జూన్ ఒకటి అని వేశాను. ఇంకా ఎందరికో అదే తేదీ వేశాను. అందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

సిగ్గుపడవలసింది మరొకటి. కాగితాలు తిరిగి వచ్చిన మర్నాడే మావయ్య బందరు నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చారు.

"వీసాకు ఇరవై రోజులే గడువు మాస్టారూ. తేదీ అంచనాగా వేశానని రెండు ముక్కలు వ్రాసి సంతకం పెట్టండి. తక్కిన తిప్పలు నేను పడతాను."

"నా రిజిస్టరులో అంచనాలు ఉండవండీ."

"మీ పిల్లల కాగితాలు నేను చూడనివా? అందరూ జూన్ ఒకటినే పుట్టారు. ఆ రోజు మీ ఊరి మంత్రసాని నడుము విరిగి ఉండాలి!"

నేను నవ్వలేదు. నా పదవీ విరమణకు నాలుగు నెలలున్నాయి. రిజిస్టరు మీద అనుమానం వస్తే పింఛను ఆగుతుందని భయం. అంతకు మించి, నా వ్రాతలో తప్పుందని నా చేత్తోనే వ్రాయడమా అన్న అహంకారం.

"మీ తర్జుమాలో ఒక్క తేదీ మార్చితే సరిపోదూ?" అన్నాను.

"మార్చను. పట్టుబడితే మీరూ నేనూ కాదు, అక్కడ, ఆ పరాయి దేశంలో, ఆ పిల్ల జైలుకెళుతుంది."

ఇచ్చిన మజ్జిగ ముట్టకుండా లేచారు. వీసా గడువు తీరిపోయింది. ఆ ప్రయత్నానికి చేసిన అప్పు తీర్చాలి కనుక, తరువాత ఒక ఏజెంటు ఆమెను అదే కువైటుకు ఇంటిపనికని పంపాడు. గిన్నెలు తోమడానికి పుట్టిన తేదీ ఎవరూ అడగలేదు. మూడేళ్ళకు తిరిగి వచ్చింది. కాగే నూనె పడి కుడిచేతి వేళ్ళు అతుక్కుపోయాయి. ఆ చెయ్యి ఇక సూది పట్టదు.

ముసలాడు ఒక్క తేదీ మార్చి ఉంటే పిల్ల బతుకు బాగుపడేదని లోకం తీర్పు చెప్పింది. ఆమె తల్లి కోర్టు వరండాకు వచ్చి, దుమ్మెత్తి ఆయన టైపు మిషను మీద పోసింది. ఆయన మిషను తుడుచుకున్నారే గాని నా పేరు ఎత్తలేదు. నా దగ్గర ఆ ప్రస్తావన వచ్చినప్పుడు "చాదస్తపు మనిషి లెండి" అన్నాను. ఒక్కసారి కాదు, పలుమార్లు అన్నాను.

కిందటేడు అవనిగడ్డ బస్టాండులో ఆయనా నేనూ ఎదురుపడ్డాం. ధైర్యం చేసి అడిగాను: "నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నాను" అన్నారు.

అంతలో ఆ అమ్మాయే అటు వచ్చింది. మంచి చేతిని ఆ ముడుచుకున్న చేతికి ఆనించి "నమస్కారం మాస్టారూ" అంది. ఆయన వైపు చూసి, పక్కకు ఉమ్మి వెళ్ళిపోయింది.

"అమ్మాయి నమస్కారం పెట్టింది మాస్టారూ. బదులు పెట్టండి" అన్నారు మావయ్య.

వెళుతున్న ఆమె వీపుకు నేను చేతులు జోడించాను.

ఆమె ఇంటికి వెళ్ళి నేనే చెప్పవచ్చు. రెండుసార్లు బయలుదేరి సగం దారిలో బస్సు దిగిపోయాను. కనుక సభవారిని వేడుకొంటున్నాను. ఈ లేఖను సభలో బిగ్గరగా చదివించండి. ఆమె సభకు రాదు. అందుచేత మీలో ఒకరు వాళ్ళ వీధికి వెళ్ళి, ఇంటి ముందు నిలబడి మళ్ళీ మొదటి నుంచి చదవండి. తర్జుమా మావయ్య పేరు వినగానే తలుపు వేసుకుంటుంది. వేసుకోనివ్వండి. ఆ తలుపుకు ఎదురుగా నిలబడి, లోపలికి వినబడేటట్టు, చివరి వరకూ చదవండి.