హయత్‌నగర్ దాకా నడిచొచ్చిన సార్

మాకు జావా ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ పోయారని ఈ నెల మొదటి మంగళవారం పొద్దున ఆయన భార్య, మా మేడమ్, ఫోన్ చేసి చెప్పారు. గుండెనొప్పట. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆయనకిచ్చిన మాట ఒకటి అలాగే ఉండిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఇరుకు కోచింగ్ గది ఆయనది. గుంటూరు వైపు మనిషి. నాకు తిండి పెడుతున్న విద్య ఆయన నేర్పిందే. కోడ్‌లో ఎర్రర్‌ను పట్టుకుని బయటికి రాకుండా దాచేస్తే మార్కర్ విసిరేవారు. "మింగెయ్యకు నాయనా, పైకి రానియ్యి" అనేవారు.

నిరుడు ఒక ఆసుపత్రికి బెడ్ల ప్రోగ్రాం రాశాను. బెడ్ కేటాయించడం, రోగి పేరు ఎక్కించడం రెండూ జరగాలి, లేదా రెండూ రద్దవ్వాలి. ఆ పని చేసే కోడ్ ముక్క, అంటే మెథడ్, నెత్తిన ట్రాన్సాక్షన్ అని ఒక్క మాట రాస్తే మిగతాది ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుందని ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే పేర్లు ఎక్కలేదు, ఖాళీ బెడ్లు నిండినట్టు కనిపించాయి. తెలంగాణ బంద్ రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని సార్ దగ్గరికి పరుగెత్తాను.

ఆయన ఇట్టే పట్టేశారు. ఆ మెథడ్‌ను నేను అది ఉన్న కోడ్ క్లాసు లోపల్నుంచే పిలిచాను; ఫ్రేమ్‌వర్క్ కాపలా కాసేది బయటినుంచి వచ్చే పిలుపులకే. "వాచ్‌మన్ వీధి గుమ్మం దగ్గరుంటే నువ్వు ఇంట్లోంచి ఇంట్లోకే తిరిగావు. వాడికెలా తెలుస్తుంది?" అన్నారు. దాన్ని వేరే క్లాసులోకి మార్పించాక, బెడ్ లేదని ఎవరినైనా తిప్పి పంపారేమో కనుక్కోమన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పంపామన్నారు. హయత్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ, ఇంకో ఆసుపత్రికి వెళ్తూ ఆటోలోనే పోయింది.

"జరిగినదాన్ని వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ డేటాబేస్‌కేగానీ మనకు లేదు. పద, వెళ్లి చెప్పు."

బస్సుల్లేవు, నడిచాం. ఎల్బీనగర్‌లో ధర్నా చేస్తున్నవాళ్లు ఆయన యాస విని ఆపారు. "మా సారే అన్నా, నాతోని ఒస్తున్నరు, జర పోనియ్యుండ్రి" అన్నాను. అక్కడ నా గొంతు బాగానే లేచింది.

ఆవిడ కొడుకు మమ్మల్ని ఆసుపత్రి తరఫున పలకరింపుకు వచ్చామనుకున్నాడు. బంద్‌లో అంత దూరం నడిచొచ్చామని నొచ్చుకుని మంచినీళ్లిచ్చాడు. నేను తాగి, ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను. పిరికితనం, ఇంకేం కాదు. సార్ నా వైపు చూశారుగానీ నా బదులు చెప్పలేదు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, పెట్టేసే ముందు "హయత్‌నగర్ వెళ్లావా?" అని అడిగేవారు. ఈ వారం పోత సార్ అనేవాణ్ని.

నిన్న ఆయన పెద్దకర్మ. భోజనానికి కూర్చోలేక హయత్‌నగర్ బస్సెక్కాను. తలుపు తీసింది ఆ కొడుకే. గుర్తుపట్టాడు.

"సార్ రాలేదా అన్నా?" అని అడుగుతూనే లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. చెప్పేదాకా తాగకూడదని, ఆ చెంబు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.