తాడు పట్టినవాడి మాట

నంద్యాల కోర్టు ఎదుటి సందులో రాజేశ్వరి, భాస్కరయ్య దంపతుల కొట్టు రెండు భాగాలుగా ఉండేది. ముందరి భాగంలో జెరాక్స్ యంత్రం, వకాలత్ ఫారాలు, టైపు కాగితాలు. అది భాస్కరయ్య ఏలుబడి. తెర దాటి లోపలికి వెళితే మూడు కంప్యూటర్లు, ఒక టెలిఫోను తీగ. అది రాజేశ్వరి రాజ్యం. రెండువేల సంవత్సరంలో ఆమె పట్టుబట్టి పెట్టించిన ఇంటర్నెట్ అది. ఎవరైనా ఫోను చేస్తే లైను తెగిపోయేది. కరెంటు పోతే అన్నీ పోయేవి. అయినా పరీక్షల ఫలితాలకూ ఉద్యోగాల దరఖాస్తులకూ జనం వస్తూనే ఉండేవారు.

ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ. తండ్రి అంగడికి నల్లమల నుంచి చెంచు కుటుంబాలు తేనె, కుంకుడుకాయలు తెచ్చేవి. తేనెను పలుచని గుడ్డలో వడగట్టడం చిన్నతనంలో ఆమె పని. ఆ తేనె ఏ కొండచరియ మీదినుంచి ఎట్లా దిగివచ్చిందని ఆ ఇంట్లో ఎవరైనా అడిగినట్టు ఆమెకు గుర్తులేదు.

ఇంటర్మీడియట్‌తో చదువు ఆగింది గాని చదవడం ఆగలేదు. ఇరవై ఏళ్లుగా జెరాక్స్‌కు వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆమె చదివింది. దావాలు, ఛార్జిషీట్లు, తీర్పులు ఆమె చేతులమీదుగా పోయాయి. వాటివల్ల ఆమెకు అబ్బినది ఒక్క అలవాటే: ఏ వాక్యాన్నైనా నమ్మేముందు, అది ఎవరికి పనికివస్తుందో చూడటం. మనుషులను మెచ్చుకోవడంలో ఆమె పిసినారి అని భాస్కరయ్య అనేవాడు. ఆమె కాదనలేదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలవాళ్లు ఎక్కడెక్కడో ఉండి ఉత్తరాలు రాసుకునే ఈ-మెయిల్ గుంపు ఒకటి ఉండేది. నూట అరవైమంది సభ్యులు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అందులో నంద్యాలలో ఉన్నది తానొక్కతే కాబట్టి వాన పడిందా లేదా, రైలు వేళలు మారాయా అన్న కబుర్లు రాజేశ్వరి రాసేది. రెండువేల మూడు ఆగస్టులో ఆ కబుర్ల స్వరూపం మారింది. సెషన్సు కోర్టులో ఒక చెంచు యువకుడు వకీలు లేకుండా తన మీది హత్య కేసు తానే వాదించుకుంటున్నాడని కొట్టుకు వచ్చిన గుమాస్తా ఒకడు నవ్వుతూ చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమె వెళ్లి వెనక బల్లమీద కూర్చుంది. మరునాడు కూడా వెళ్లింది.

ముద్దాయి పేరు అంకన్న. ఇరవై ఆరేళ్లు. ఆళ్లగడ్డ పైని అడవిలో ఒక గూడెం అతనిది. అంతకుముందు ఏడాది వేసవిలో అతని బావ బాలు తేనె కోసం కొండ కొమ్మునుంచి తాడు మీద దిగి, పడి చనిపోయాడు. తాడు అంకన్న కోశాడని కేసు. రెండు రోజుల ముందే బాలు తన భార్య వీరమ్మను కొట్టాడు; వీరమ్మ తమ్ముడైన అంకన్న అతనితో గొడవపడ్డాడు. కొమ్ము మీద దొరికిన తాడుకు ఒక చివర కత్తిగాటు ఉంది. తేనె కొనడానికి వచ్చిన సుబ్బరాయుడు అనే వ్యాపారి, అంకన్న కత్తితో తాడు కోస్తుండగా ఎదుటి గట్టునుంచి కళ్లారా చూశాడు.

రాజేశ్వరి ఇదంతా రాసిన రోజున గుంపులో నలభై ఉత్తరాలు వచ్చాయి. బెంగళూరులో ఉండే ఓంప్రకాష్ అందరికంటే ముందు: “అక్కా, మన అడివి వకీలు రేపు కూడా నోరు తెరుస్తాడా? తెరిస్తే యావజ్జీవం ఖాయం. మూసుకుంటే ఏడేళ్లు.” కొందరు పందాలు కాశారు. కొందరు జాలిపడ్డారు. ఆ జాలిలోనూ, దూరంనుంచి చూసేవాడికి ఉండే హాయి ఉందని రాజేశ్వరికి అనిపించింది. తన ఉత్తరాల్లో మాత్రం లేదా అని ఆమె ఆనాడు తనను తాను అడగలేదు.

హైదరాబాదులో లా చదువుతున్న దివ్యశ్రీ మాత్రం కేసు కాగితాలన్నీ అడిగి తెప్పించుకుంది. ఆళ్లగడ్డ అమ్మాయే. నాలుగో రోజున ఆమె కనిపెట్టిన సంగతి గుంపును కుదిపేసింది. బాలు చనిపోయిన వారం అంకన్న అడవిలో కూలిపనికి పేరిచ్చాడు. మేస్త్రీ హాజరు పుస్తకంలో, బాలు పడిన రోజున కూడా, అంకన్న పేరు ఎదుట పనికి వచ్చినట్టు గీత ఉంది. పని జరిగిన చోటు ఆ కొమ్ముకు పది మైళ్లు. మేస్త్రీ వారం మొత్తానికి ఒకేసారి గీతలు పెట్టాడని అందరికీ అర్థమైంది. అయినా రాత రాతే. ఆ పుస్తకం చూపించి, నేనక్కడ లేనని అంకన్న అంటే చాలు. సుబ్బరాయుణ్ణి మాత్రం, ఎంత దూరంనుంచి చూశావు, కళ్లద్దాలు వాడతావా అని అడగాలి. దివ్యశ్రీ పద్నాలుగు ప్రశ్నలు రాసి పంపింది. అంకన్నకు సర్కారు ఇచ్చిన వకీలు చెప్పిందీ ఇదేనని, ఆ వకీలును అంకన్న వద్దన్నది అందుకేనని అప్పటికి గుంపులో ఎవరికీ తెలియదు.

ఆ ప్రశ్నల కాగితం పట్టుకుని రాజేశ్వరి కోర్టు వరండాకు వెళ్లింది. అంకన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాపలా కానిస్టేబుల్ సంజీవయ్య కొట్టుకు పాత ఖాతాదారు. అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె హాజరు పుస్తకం సంగతి నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. అంకన్న శ్రద్ధగా విన్నాడు. కాగితాన్ని ముట్టుకోలేదు.

“నేను ఆడ లేనని చెప్తే, మా బావ తాడు ఎవురు పట్టినట్టు సెట్టెమ్మా?”

“ఎవరో పట్టినారను. ఎవరూ పట్టలేదను. నువ్వు బయటపడాల గదప్పా.”

“ఎవురో పట్టేది కాదు తల్లీ అది. పెండ్లాం తమ్ముడు పట్టాల. నేను పట్టినా. పట్టలేదంటే మా బావను గాలికి దించినట్టే గదా.”

“జైల్లో పెడతారు నిన్ను.”

“పెట్టనీ. జైల్లో ఉన్నా తాడు పట్టినోన్నే.”

సంజీవయ్య ఇటు తిరిగి, “వీనికి చెప్పి చెప్పి ఆ వకీలుకే బీపీ వచ్చిందమ్మా. నువ్వు యాడ చెప్తావు, పో,” అన్నాడు.

ఆ సాయంత్రం రాజేశ్వరి ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసింది. గుంపు మండిపడింది. పది మైళ్ల సాక్ష్యాన్ని కాలదన్నుకునేవాణ్ణి కాపాడటం ఎవరి తరమూ కాదన్నారు. ఒకరు అమాయకత్వమన్నారు, ఒకరు మొండితనమన్నారు. ఓంప్రకాష్ ఒక్క ప్రశ్న వేశాడు: రెండు రోజుల కింద గొడవపడినవాని చేతికి ఎవడైనా తన ప్రాణమిచ్చి దిగుతాడా? దివ్యశ్రీకి అది మెరుపులా తోచింది. అందుకే అతను అక్కడ లేడన్నది నిజంగానే నిజమై ఉండవచ్చునని ఆమె రాసింది. రాజేశ్వరికి కూడా అందులో తప్పు కనిపించలేదు. ఎవరి వాదం వాళ్లది చక్కగా అతికింది. అన్ని వాదాలూ కలిసి అంకన్నను అతను నిలుచున్న చోటునుంచి పక్కకు తోశాయి.

సుబ్బరాయుడు బోను ఎక్కిన రోజున కోర్టు నిండింది. అతను చెడ్డవాడు కాడు. చూసింది చెప్పడానికి వచ్చినవాడు, భయపడుతూ వచ్చాడు. తాను చూసినది చెప్పి చేతులు కట్టుకున్నాడు. జడ్జిగారు అంకన్నను, ఏమైనా అడుగుతావా అన్నారు. పక్కన సాయానికి కూర్చోబెట్టిన యువ న్యాయవాది ఏదో గొణిగాడు. అంకన్న లేచాడు.

“సుబ్బరాయుడన్నా, నువ్వు చెప్పింది నిజమే. కత్తి నా చేతిలోనే ఉండె. తాడు కోసింది నేనే.”

కోర్టు హాలులో ఒక కుర్చీ కిర్రుమంది. ప్రాసిక్యూటరు కలం కిందపెట్టి వెనక్కి వాలాడు. రాజేశ్వరి కళ్లు మూసుకుంది. ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదని ఆమె అనుకుంది.

“నేను కోసేటప్పుడు తాడు ఎట్లుండె అన్నా? బిగుతుగా ఉండెనా?”

సుబ్బరాయుడు ఆలోచించాడు. ఆ ప్రశ్న అతణ్ణి ఏడాదిగా ఎవరూ అడగలేదు.

“లేదప్పా. నేలమీద పడి ఉండె. నువ్వు మాను కాడ వంగి కోస్తాంటివి.”

“బావ అరుపు ఎప్పుడు ఇంటివి? అంతకు ముందా, తరవాతనా?”

“ముందే ఇంటి. ఆ అరుపుకే నేను తలెత్తి చూస్తి.” సుబ్బరాయుడు అంకన్న వైపు తిరిగాడు. “నువ్వు ఏడుస్తాంటివి.”

“అంతే సామీ,” అని అంకన్న కూర్చోబోయాడు.

జడ్జిగారు ఆపి, మరి ఎందుకు కోశావని అడిగారు. తాను పట్టిన తాడు రాతి అంచుకు ఒరుసుకుని తెగిందనీ, ఆసరాకు మానుకు కట్టిన ముక్క మిగిలిందనీ, దాని మీద తాను దిగి బావను అందుకోవాలంటే ఇంకా కిందున్న చెట్టుకు కట్టాలనీ అతను చెప్పాడు. బావ బరువుకు ముడి బిగిసిపోయి విప్పడానికి రాలేదు, కోశాడు. కోసినా పొడవు చాలలేదు. అక్కడే పారేసి కొండ చుట్టూ పరుగెత్తాడు. తాడు కొమ్ము మీదే దొరికినట్టు పోలీసుల పంచనామాలో రాసి ఉంది. మనిషి వేలాడుతుండగా మాను దగ్గర కోస్తే, తాడంతా మనిషితోపాటు లోయలోకి పోవాలి కదా అన్న సంగతి, ఆ కాగితాన్ని మూడుసార్లు జెరాక్స్ తీసిన రాజేశ్వరికి తట్టలేదు, దివ్యశ్రీకీ తట్టలేదు. అక్కడ లేడని నిరూపించే తొందరలో, అక్కడ ఏం జరిగిందని వాళ్లెవరూ చూడలేదు.

మరుసటి వాయిదాకు అంకన్న తన తరఫున ఒక్క సాక్షినే పిలిచాడు. చనిపోయినవాని భార్య వీరమ్మ. బోనులో ఆమె తమ్ముని వైపు చూడలేదు, జడ్జిగారి వైపు చూసింది. నన్ను తాడు పట్టనీకి ఎవరు పంపినారక్కా అని అతను అడిగాడు. నేనే పంపినానని ఆమె చెప్పింది. ఇక అడిగేది లేదన్నాడు. ప్రాసిక్యూటరు లేచాడు, మర్యాదగానే అడిగాడు. నిన్ను కొట్టిన మనిషి మీద నీ తమ్మునికి కోపం లేదా?

“ఉండె. నేను పొమ్మంటే కూడా పోనన్యాడు ముందు.”

“మరి అంత కోపమున్నవానికి నీ భర్త తాడు ఎట్లా ఇచ్చినాడు?”

వీరమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆయన మళ్లీ అడిగాడు.

“కోపముంటే తాడు వదుల్తారా సామీ?” అంది. “నా తమ్ముడు గదా. అక్క ముండమోసేది వాడు చూస్తాడా? అందుకే పెండ్లాం తమ్ముడే పట్టాలని మావోళ్లు పెట్టినారు. కొట్లాడుకున్నా అంతే. మాట్లాడుకోకున్నా అంతే.”

ప్రాసిక్యూటరు ఇక ప్రశ్నలు లేవన్నాడు.

వెనక బల్లమీద రాజేశ్వరి గుంపు ఉత్తరాలను తలుచుకుంది. గుంపులో నూట అరవైమంది, న్యాయశాస్త్రం చదివేవాళ్లు, తర్కం తెలిసినవాళ్లు, శత్రువు చేతికి ఎవడూ తాడివ్వడని తేల్చారు. మనుషుల మధ్య పగ పుట్టే రోజు ఒకటి వస్తుందని ఈ గూడెంవాళ్లకు ముందే తెలుసు. ఆ రోజుకు కూడా ఆగే ముడిని వాళ్లు తాడులో వెయ్యలేదు, చుట్టరికంలో వేశారు. ఎవరో ఎప్పుడో ఏ కొమ్ము మీదనో కూర్చుని ఇంత ఆలోచించారు. ఆ ఆలోచన ఏ కాగితం మీదా లేదు కాబట్టి తన చేతికి ఎన్నడూ రాలేదు. తన తండ్రి అంగడిలో ప్రతి తేనెచుక్క వెనకా ఒక తమ్ముడు కాళ్లు తన్నిపట్టి నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె రాసినది గుంపులో అన్నిటికంటే చిన్న ఉత్తరం. ప్రశ్న, జవాబు, అంతే. ఆపైన చాగలమర్రిలో ఉండే రిటైర్డ్ ఉపాధ్యాయుడు దేవసహాయం, ఏడాదిగా ఒక్క మాటా రాయనివాడు, రాశాడు: “తీర్పు వచ్చేదాకా మనమంతా మాట్లాడకుండా ఉందాం. అతనికి కాదు, మనకు అవసరం.” పందాలు కాసినవాళ్లు కూడా సరేనన్నారు. ఓంప్రకాష్ తన పాత ఉత్తరాలను తీసెయ్యడం ఎట్లాగో చెప్పమని రాజేశ్వరికి విడిగా రాశాడు. తీసెయ్యడం కుదరదని ఆమె జవాబిచ్చింది. కుదిరితే తనవి ముందు తీసేసేదాన్నని చెప్పింది.

సెప్టెంబరు చివరి వారంలో తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదు, విడుదల. జడ్జిగారు ఆ మాట తెలుగులో చెప్పారు. సంజీవయ్య అంకన్న భుజం తట్టి, ఇంటికి పోప్పా అన్నాడు. అంకన్న ముఖంలో మార్పు కనిపించలేదు. జైలు కాగితాల పని ముగించుకుని మరునాడు అక్కా తమ్ముడూ కోర్టు సందులోకి వచ్చారు. అతని చేతిలో తీర్పు నకలు ఉంది. ఇంగ్లీషులో పదకొండు పేజీలు.

“సెట్టెమ్మా, ఇది చదివి చెప్తావా?”

రాజేశ్వరి కుర్చీ వేసింది. వీరమ్మ గడప దగ్గరే కూర్చుంది. విడుదల అన్న చివరి పేజీని రాజేశ్వరి ముందుగా తీసింది. అతను తల ఊపాడు.

“అది ఇన్యాలే. నేను ఆడ ఉన్యానని రాసినారా, లేదా?”

ఆమె వెనక్కి తిప్పింది. ఏడో పేజీలో దొరికింది. వేలుపెట్టి, ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పింది. మృతుడు కిందికి దిగినప్పుడు ముద్దాయి కొమ్ము మీదే ఉన్నాడనీ, తాడు తెగేవరకు దాన్ని చేతులతో పట్టుకునే ఉన్నాడనీ ఈ కోర్టు నమ్ముతున్నది.

“ఇంగోసారి చెప్పు తల్లీ. అక్క ఇనాల.”

ఆమె మళ్లీ చదివింది. గడప దగ్గర వీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఏడాదిన్నరలో మొదటిసారిగా ఆమె తమ్ముని ముఖంలోకి చూసింది. చూసి, లేచి, బస్సుకు టైమైతాంది పా అంది.